మంచుకు మాడిన మందారం బతుకుతుందా?

పూలతోట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంక్రాంతి వెళ్ళి పది రోజులైంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే బాధ, చలికి పోయిన పూలమొక్కలు. నేనుండేది విశాఖపట్నం, సీతమ్మధార. ఇక్కడ జనవరి తెల్లవారుజామున మేడ మీదికి వెళ్ళాలంటే ఒక శాలువా చాలు. పక్కనే సముద్రం ఉంది కాబట్టి రాత్రి మామూలుగా 15, 18 డిగ్రీల మధ్యే ఆగిపోతుంది. అదే నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే కథ మారిపోతుంది. లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు అన్నీ దగ్గర దగ్గర వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్ళు. 2022 ఏప్రిల్ నుంచి అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి గానీ నాకు మాత్రం ఆ పాఠకులూ మా వైజాగ్ వాళ్ళే. పాడేరులో తొమ్మిదేళ్ళు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పాను. ఈ ఉత్తరాల్లోని మొక్కలన్నీ నేను చూసినవే, కొన్ని నా చేతుల్లో పోయినవే. అందుకే ఈ నెల శీర్షిక అంతా చలికే.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను టీచర్ని. జూన్‌లో వైజాగ్ నుంచి చింతపల్లి బదిలీ అయింది. వస్తూ వస్తూ పద్నాలుగు కుండీలు తెచ్చుకున్నాను. మందారాలు ఆరు, నూరువరహాలు మూడు, మల్లె, రాధామనోహరం, దేవగన్నేరు, రెండు కాగితం పూలు. డిసెంబర్ దాకా బ్రహ్మాండంగా ఉన్నాయి. మొన్న ఒక రాత్రి, కేవలం ఒక్క రాత్రి, పొద్దున లేచి చూస్తే మందారం ఆకులన్నీ ఉడకబెట్టిన తోటకూరలా నల్లగా వేలాడిపోయాయి. ముందురోజు బాగా ఎండ కాసింది. పొగమంచు కూడా లేదు. నా తప్పేమిటి? అన్నీ పీకేసి కొత్తవి తెచ్చుకోమంటున్నారు ఇక్కడివాళ్ళు. – చింతపల్లి నుంచి ఒక ఉపాధ్యాయురాలు

అమ్మా, ముందు ఒక్క మాట. పీకకండి. మిగతాదంతా తర్వాత చెప్తాను, ఇవాళ మాత్రం ఏ మొక్కనూ పీకకండి, కత్తెర కూడా పట్టుకోకండి.

పాడేరు వెళ్ళిన మొదటి చలికాలం నేను చేసిన పని చెప్తే ఇంత గట్టిగా ఎందుకంటున్నానో మీకే అర్థమవుతుంది. భీమిలిలో మా అమ్మ పెరట్లో ఒక ఎర్ర రేకమందారం ఉండేది. ఆవిడ పోయాక ఆ చెట్టు నుంచి కొమ్మ తెచ్చి నాటుకున్నాను, నాతోపాటే పాడేరు తీసుకెళ్ళాను. జనవరిలో ఒక రాత్రి బాగా చలిగా ఉందని ఖాళీ యూరియా సంచి, ఆ తెల్లటి ప్లాస్టిక్ సంచి, నెత్తిన తొడిగి కాండానికి పురికొసతో కట్టేశాను. పొద్దున ప్లాస్టిక్ తగిలిన ప్రతి ఆకూ నల్లబడింది. కాలేజీకి టైమైపోతోందని సంచి తీయకుండా వెళ్ళిపోయాను. మధ్యాహ్నం వచ్చేసరికి ఎండకు లోపల ఆవిరి పట్టి మిగతా ఆకులూ వాడిపోయాయి. మూడో రోజు చచ్చిపోయిందనుకుని వేళ్ళతో సహా లాగేశాను. లాగాక చూశాను. వేళ్ళు తెల్లగా, తేమగా ఉన్నాయి. కాండం మట్టిలో ఉన్న భాగంలో, నేలకు రెండు అంగుళాల కింద, బియ్యపు గింజంత పచ్చటి మొలక ఉంది. మళ్ళీ నాటాను గానీ వేళ్ళు తెగిపోయాయి, నిలవలేదు. మంచు చంపని మొక్కను నేను చంపాను. ఇన్నేళ్ళయినా అది నాకు బాధే.

ఇక మీ తప్పేమిటంటే, పెద్దగా ఏం లేదు. మన భాషలో మంచు అనే ఒక్క మాటతోనే మూడు వేర్వేరు సంగతులు చెప్పుకుంటాం, అందులో వచ్చింది చిక్కు. గడ్డి మీద నీటిచుక్కల్లా ఉండేదీ మంచే, లంబసింగిలో టూరిస్టులు ఫోటోలు తీసుకునే పొగమంచూ మంచే, తెల్లగా ఉప్పు చల్లినట్టు నేల మీద గడ్డకట్టేదీ మంచే. మొక్కకు కీడు చేసేది ఈ మూడోది. దాన్ని నేను పేరిన మంచు అంటాను, నెయ్యి పేరినట్టు పేరుకుంటుంది కాబట్టి. పొగమంచు నిజానికి మొక్కకు మేలే చేస్తుంది. పగలు నేల తాగిన వేడి రాత్రి ఆకాశంలోకి వెళ్ళిపోతూ ఉంటుంది. మబ్బు గానీ పొగమంచు గానీ ఉంటే అది దుప్పటిలా ఆ వేడిలో కొంత వెనక్కి పంపుతుంది. ఆకాశం తేటగా ఉండి చుక్కలు నిండుగా కనిపిస్తూ, ఆకు కూడా కదలనంతగా గాలి ఆగిపోయిందంటే వేడంతా పైకి పోతుంది. మీరు రాసిన రాత్రి సరిగ్గా అలాంటిదే. బాగా ఎండ కాసిన రోజు, మబ్బులేని రాత్రి, పొగమంచు లేదు. ఫోన్‌లో 4 డిగ్రీలు అని చూపించినా ధైర్యం తెచ్చుకోకండి. ఆ లెక్క నేలకు నాలుగైదు అడుగుల పైన గాలిది. అలాంటి రాత్రి గడ్డి మీద, కుండీలోని ఆకు మీద అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటుంది, అంటే సున్నా.

ఇంకోటి, మీ కుండీలు ఎక్కడ పెట్టారు? ఉత్తరంలో రాయలేదు. చల్లగాలి బరువు, అది నీళ్ళలాగే పల్లానికి పారుతుంది. పాడేరులో మా క్వార్టరు పొలం గట్టు పక్కన పల్లంలో ఉండేది. మాతో పనిచేసే లెక్చరర్ గారి ఇల్లు మాకు నలభై అడుగుల ఎత్తున, అదే వాలు మీద. మా వాకిట్లో గడ్డి తెల్లబడిన రోజు వాళ్ళింట్లో మల్లె ఆకు కూడా వాడేది కాదు. మీ ఇంటికి పల్లం వైపు ప్రహరీ ఉంటే చల్లగాలి అక్కడే చెరువులా నిలబడిపోతుంది. రాత్రిపూట ఆ వైపు గేటు తెరిచి ఉంచగలిగితే ఉంచండి. కుండీలు కాబట్టి మీకు ఇంకా సులువు, మెరకకు జరిపేయొచ్చు. అన్నిటికంటే మంచి చోటు దక్షిణం గానీ పడమర గానీ చూసే గోడ పక్కన. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఆ గోడ పగలంతా వేడెక్కి రాత్రి మెల్లగా వదులుతుంది. తూర్పు గోడ వద్దు. పేరుకున్న ఆకు మీద పొద్దుటెండ సూటిగా పడితే ఒక్కసారిగా కరుగుతుంది, ఆ నష్టం ఎక్కువ.

అసలు లోపల ఏం జరుగుతుందో నా పిల్లలకు కొబ్బరినూనె సీసాతో చూపించేదాన్ని. అదే సీసా వైజాగ్‌లో నీళ్ళలా జారుతుంది, పాడేరులో నవంబర్ నుంచే రాయి. 24 డిగ్రీల దగ్గర దానికి పేరుకునే గుణం ఉంది. ప్రతి కణం చుట్టూ ఉండే పల్చటి పొరలో కూడా కొవ్వే ఉంటుంది. మందారం, నూరువరహాలు, కనకాంబరం లాంటి వేడిదేశపు మొక్కల్లో 10, 12 డిగ్రీల కంటే కిందికి వెళ్తేనే ఆ పొర బిరుసెక్కడం మొదలవుతుంది. అంటే మంచు పడకపోయినా మీ నూరువరహాలు డిసెంబర్ నుంచే ఇబ్బంది పడుతున్నాయి. వాటి ఆకు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉందా? చల్లటి మట్టిలో వేళ్ళు ఇనుమును సరిగ్గా తీసుకోలేవు, అందుకే. ఎండలు రాగానే చాలావరకు అదే సర్దుకుంటుంది. ఇక సున్నాకు దిగితే మొదట కణాల మధ్య ఖాళీల్లో నీరు గడ్డకడుతుంది. ఆ గడ్డ కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. కణం ఎండిపోయి, పొర చిరిగి, ఎండ తగలగానే రసం కారిపోతుంది. మీరు చూసిన ఉడికిన తోటకూర అదే. ఆ ఆకు ఇక కోలుకోదు. కొమ్మ సంగతి వేరు, వేరు సంగతి ఇంకా వేరు.

ఇప్పుడు చేయాల్సింది. నల్లబడిన ఆకులు రాలితే రాలనివ్వండి. కొమ్మలు కత్తిరించకండి. ఎండిన కొమ్మలే కింది కొమ్మలకు రాత్రిపూట నీడలాంటివి, పైగా ఇప్పుడు కత్తిరిస్తే లేత చిగురు తొందరపడి వస్తుంది, మరో చలిరాత్రికి అదీ పోతుంది. యూరియా వేయొద్దు. ఆకు లేని మొక్క నీళ్ళు ఎక్కువ తాగదు, మట్టిలో వేలు పెట్టి పైన ఒక అంగుళం ఆరాకే పోయండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటిదాకా ఆగండి. ఆ తర్వాత ఒక రోజు తీరిగ్గా కూర్చుని, కొమ్మ చివర బెరడును గోటితో సన్నగా గీకండి. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ భాగం పోయింది. నాలుగు అంగుళాలు కిందికి వచ్చి మళ్ళీ గీకండి. అలా దిగుతూ దిగుతూ వస్తే ఒకచోట పచ్చగా, తడిగా, లేత సొరకాయ తొక్కలా కనిపిస్తుంది. దానికి కాస్త కింద, ఒక కణుపు పైన కత్తిరించండి. నేలదాకా ఎక్కడా పచ్చ కనిపించకపోయినా ఉగాది దాటి ఇంకో నెల చూడండి.

మీ పద్నాలుగింటిలో ఏవి వస్తాయో నా అంచనా చెప్తాను. రాధామనోహరం కచ్చితంగా వేరు నుంచి లేస్తుంది, ఆ తీగకు మొండితనం ఎక్కువ. మల్లెకు మనమే ఏటా చలికాలం చివర ఆకు దూసి కొమ్మలు కత్తిరిస్తాం, పూలన్నీ కొత్త చిగురుకే కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. కాగితం పూలు ముదురు కాండమైతే చిన్నపాటి మంచును ఓర్చుకుంటాయి. దేవగన్నేరు ఎలాగూ చలికి ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు. దాని కొమ్మ కొసలు నొక్కి చూడండి. మెత్తబడి నల్లగా ఉంటే మాత్రం దానికి ఇప్పుడే కత్తి పెట్టాలి, ఆ కుళ్ళు కిందికి దిగుతుంది. లోపల శుభ్రంగా తెల్లగా కనిపించి పాలు కారేదాకా కోసి, నీళ్ళు పూర్తిగా మానేయండి. మందారాల్లో నాటు రేకమందారం, ముద్దమందారం అయితే ఆశ ఎక్కువ. అరచేయంత పూలు పూసే హైబ్రిడ్‌లు నాజూకు. పైగా అవి చాలాసార్లు అంటు కట్టినవి, కడియం నర్సరీల నుంచి వచ్చే వాటిలో మొదలు దగ్గర ఒక బుడిపెలాంటి అతుకు కనిపిస్తుంది. అతుకు కింద నుంచి చిగురు వస్తే వచ్చేది మీరు కొన్న రంగు కాదు, కింద ఉన్న నాటుమొక్క. నూరువరహాలు మూడూ దక్కకపోవచ్చు.

వచ్చే ఏటికి. దసరా దాటాక నత్రజని ఎరువు ఆపేయండి, లేత చిగురుతో చలిలోకి వెళ్ళకూడదు. డిసెంబర్ మొదట్లో మందారాల మొదళ్ళకు జానెడు ఎత్తున మట్టి ఎగదోయండి, అతుకు కూడా కప్పబడేలా. పైన ఏం పోయినా ఆ మట్టిలో ఉన్న మొలకెత్తే కళ్ళు బతికుంటాయి. ఫిబ్రవరి చివర తీసేయండి. చుక్కలు తేటగా ఉండి గాలి లేని సాయంత్రం వస్తే మధ్యాహ్నమే మట్టి తడపండి, ఆకులు కాదు, మట్టి. తడి మట్టి పొడి మట్టి కంటే ఎక్కువ వేడి దాచుకుంటుంది. చీకటి పడకముందే నాలుగు కర్రలు పాతి, వాటి మీద పాత నూలుచీర గానీ దుప్పటి గానీ నేలను తాకేదాకా కప్పండి. నేను చేసినట్టు కాండానికి కట్టొద్దు. మొక్కకు వేడి వచ్చేది నేల నుంచి, ఆ దారి మూసేస్తే కప్పి లాభం లేదు. బట్ట ఆకులకు తగలకుండా చూడండి. 20 లీటర్ల నీళ్ళ డబ్బా ఒకటి పగలంతా ఎండలో ఉంచి రాత్రి ఆ చీర కింద కుండీల మధ్య పెడితే తెల్లవారేదాకా మెల్లగా వేడి వదులుతుంది. రాత్రిలో అన్నిటికంటే చల్లటి సమయం సూర్యోదయం ముందూ వెనకా. ఎండ వచ్చి అరగంట అయ్యాక కప్పు తీసేయండి. బడికి వెళ్ళేముందు. దయచేసి మర్చిపోకండి.

ప్రశ్న: అరకులో మాకు చిన్న హోమ్‌స్టే ఉంది. సీజన్ అంతా నవంబర్ నుంచి జనవరి. సరిగ్గా అప్పుడే మా తోట బోసిగా ఉంటుంది. వైజాగ్ నర్సరీల నుంచి తెచ్చిన హెలికోనియాలు, ఆంథూరియాలు రెండేళ్ళుగా చలికి చిరిగిపోతున్నాయి. టూరిస్టులకు కనిపించేలా ఆ నెలల్లో ఏం పూయించగలం? – అరకులోయ పాఠకుడు

బాబూ, ఆంథూరియంతో పోరాటం ఆపేయండి. రెండు కుండీలు వరండా లోపలికి, గోడవార ఉంచుకోండి, చాలు. హెలికోనియా దుంప బతుకుతుంది కానీ మీకు కావలసిన నెలల్లో ఆకు అందంగా ఉండదు. దాన్ని పెరటి వైపు నాటండి, వర్షాకాలంలో పూస్తుంది.

మీకు కావలసింది చలికాలంలోనే పూసే వేడిదేశపు మొక్క. నర్సరీలో ఫ్లేమ్ వైన్ అని అడగండి. దక్షిణ అమెరికా తీగ. కొత్త సంవత్సరం నుంచి మొదలుపెట్టి నారింజరంగు గొట్టాల్లాంటి పూలతో ఆకు కనిపించనంతగా కప్పేస్తుంది. ఒక మాదిరి మంచుకు కొసలు మాడినా మళ్ళీ వస్తుంది. దక్షిణం వైపు గోడకో, కంచెకో పాకించండి. దానికి తోడు కాగితం పూలు. వీటి కిటుకు నీళ్ళు తగ్గించడంలో ఉంది. అక్టోబర్ వానలు ఆగాక ఆకు కాస్త వాడేదాకా నీళ్ళు పోయకుండా ఆపితే పూత పొంగుతుంది. చాలామంది జాలిపడి రోజూ నీళ్ళు పోసి ఆకు పెంచుకుంటారు. నాటేటప్పుడు వేళ్ళు కదలకుండా కవరు కోసి మట్టిముద్దతో దించండి, దాని వేళ్ళు చాలా సున్నితం. వర్షాల మొదట్లో నాటితే చలి వచ్చేసరికి కాండం ముదురుతుంది.

పాయిన్‌సెట్టియా మీ ఊరికి అచ్చంగా సరిపోతుంది. ఎర్రగా కనిపించేవి పూలు కావు, ఆకులే, నడుమ పసుపుగా ఉండేవి పూలు. రాత్రులు పొడుగైతేనే ఆ ఆకులు ఎర్రబడతాయి. రోజూ పన్నెండు గంటలు దాటిన చిక్కటి చీకటి కావాలి. అందుకే గేటు దగ్గర లైటు కింద నాటినవి డిసెంబర్ వచ్చినా పచ్చగానే నిలబడి ఉంటాయి, నర్సరీవాడు మోసం చేశాడని అనుకుంటాం. లైటు పడని మూలన, చూరు కింద పెట్టండి. పేరిన మంచు నేరుగా పడితే దాని ఆకు ఒక్క రాత్రిలో పోతుంది.

మెట్టతామర వరసగా వేయండి. మంచుకు ఆకు పోయినా దుంప పోదు. ఏంజెల్ ట్రంపెట్ అనే గంటపూల చెట్టు మీ కొండ వాతావరణంలో బాగా పూస్తుంది, సాయంత్రం వాసన కూడా బాగుంటుంది. అయితే అది ఉమ్మెత్త చుట్టం, ప్రతి భాగమూ విషమే. పిల్లలతో దిగే కుటుంబాలు ఉంటాయి కదా, అందుకని మీ తోటలో నేనైతే వేయను. లాంటానా కూడా వద్దు. రంగులు బాగుంటాయని అడుగుతారు గానీ అది అడవిలోకి పాకితే మీ చుట్టుపక్కల మేకలు, పశువులు మేసే నేల పోతుంది.

ఇంకో సలహా. మీ లోయలో నవంబర్, డిసెంబర్‌లలో వలిసె పూలు పొలాలకు పొలాలు పసుపుపచ్చగా విరగబూస్తాయి. టూరిస్టులు కారు ఆపి దిగేది వాటి కోసమే. మీకు ఖాళీ స్థలం ఉంటే పది సెంట్లలో వలిసెలు చల్లండి.

ప్రశ్న: అక్కయ్యగారూ, మా అమ్మాయి అమెరికాలో హ్యూస్టన్‌లో ఉంటుంది. ఇంటి వెనక మల్లె పెట్టుకోవాలని ఆశ. చలికి చచ్చిపోతుందని అక్కడివాళ్ళు అంటున్నారట. వచ్చే నెల నేను వెళ్తున్నాను, మన గుండుమల్లె కొమ్మలు తడిబట్టలో చుట్టి సూట్‌కేసులో పట్టుకెళ్ళనా? – ఎంవీపీ కాలనీ నుంచి ఒక తల్లి

పట్టుకెళ్ళకండమ్మా. అక్కడికి మొక్కలు తీసుకెళ్ళాలంటే చీడపీడలు లేవని మన ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి, దిగగానే చెప్పాలి. దాచి తీసుకెళ్తే మొక్కా పోతుంది, జరిమానా కూడా పడొచ్చు. ఆ అవసరమే లేదు. మన మల్లె అక్కడి నర్సరీల్లో అరేబియన్ జాస్మిన్ పేరుతో దొరుకుతుంది. పేరుకు అరేబియా గానీ మొక్క మన వైపుదే. మెయిడ్ ఆఫ్ ఓర్లియన్స్ అనే రకం మామూలు మల్లెలా రేకలు విడిగా ఉంటుంది. గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ అనేది బాగా ముద్దగా, చిన్న గులాబీలా ఉంటుంది. మీ అమ్మాయికి ఈ రెండు పేర్లూ రాసి పంపండి.

హ్యూస్టన్ చలి మన చింతపల్లి లాంటిదే అనుకోండి. చాలా రాత్రులు ఏం కాదు, ఏడాదికి కొన్ని రాత్రులు మంచు పేరుతుంది. కాకపోతే ఎప్పుడో ఒకసారి ఉత్తరం నుంచి భయంకరమైన చలిగాలి దిగుతుంది. 2021 ఫిబ్రవరిలో అక్కడ సున్నాకు కింద పది డిగ్రీలకు పడిపోయింది, కరెంటు కూడా లేదు. అలాంటి రాత్రి ఏ చీరా, ఏ దుప్పటీ కాపాడలేవు. అందుకని మొక్క ఒకటే అయితే పెద్ద కుండీలో, చక్రాల పీట మీద పెట్టుకోమనండి. వాళ్ళ లెక్కలో 40 ఫారెన్‌హీట్ కంటే తగ్గుతుందని తెలిస్తే గరాజ్‌లోకి తోసేయడమే. నేలలో నాటాలని పట్టుబడితే దక్షిణం గోడ పక్కన నాటి, మొదలు చుట్టూ అరచేయి మందాన ఎండుటాకు గానీ చెక్కపొట్టు గానీ పరచమనండి. పైకొమ్మలు పోయినా వేరు లేస్తుంది.

అక్కడ మొక్కలకు క్రిస్మస్ లైట్లు చుట్టి వేడి ఇచ్చే అలవాటు ఉంది. పాతకాలం ఫిలమెంట్ బల్బులైతేనే అది పనిచేస్తుంది. ఎల్‌ఈడీలు వెలుగిస్తాయి గానీ చెప్పుకోదగ్గ వేడి ఇవ్వవు. మీ అమ్మాయి ఎల్‌ఈడీలు చుట్టి ధైర్యంగా నిద్రపోకుండా ఈ సంగతి ముందే చెప్పండి. గరాజ్‌లో ఉన్న రోజుల్లో నీళ్ళు కొంచెమే. మార్చిలో బయటికి తెచ్చి, కొమ్మలు సగానికి కత్తిరించి, ఆరు గంటల ఎండ తగిలే చోట పెడితే ఎండలు ముదిరేసరికి మొగ్గ కడుతుంది.

ప్రశ్న: మేడమ్, లంబసింగి దగ్గర అరెకరంలో బంతి, కనకాంబరం వేస్తున్నాను. చలిరాత్రి పొలం చుట్టూ పొగ పెట్టమని కొందరు, అర్ధరాత్రి లేచి నీళ్ళు చల్లమని కొందరు అంటున్నారు. ఏది నిజం? – ఒక రైతు

పొగతో ప్రయోజనం తక్కువ. నేల నుంచి పైకి పోయే వేడిని ఆపేంత పెద్దవి కావు పొగలోని రేణువులు. పనిచేసేది మంట వేడి మాత్రమే. ఒక పెద్ద మంట వేస్తే వేడిగాలి నిటారుగా పైకి వెళ్ళిపోతుంది, చుట్టూ ఉన్న చల్లగాలి దిగి వస్తుంది. చిన్న చిన్నవి చాలా చోట్ల ఉంటే కొంత మేలు, కానీ అరెకరానికి రాత్రంతా కట్టెలు ఎక్కడ తెస్తారు?

నీళ్ళు చల్లడం నిజమే గానీ సగంలో ఆపితే పంట పోయినట్టే. ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 కాలరీల వేడి వదులుతుంది, ఆ వేడే మొక్కను కాపాడేది. అదే ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 600 కాలరీలు లాగేసుకుంటుంది. అందుకే స్ప్రింక్లర్ మొదలుపెడితే ఎండ వచ్చి గడ్డ మొత్తం కరిగేదాకా ఒక్క నిమిషం ఆగకుండా తిరగాలి. కరెంటు పోతుందేమో అన్న అనుమానం ఉంటే అసలు మొదలుపెట్టకండి. దానికంటే ముందురోజు మధ్యాహ్నం కాలువల్లో నీళ్ళు పారించి మట్టి తడపడం మంచిది, ఖర్చు కూడా లేదు. మడుల మధ్య గడ్డి ఉంటే చెక్కేయండి, బోడినేల పగలు ఎక్కువ వేడి తాగుతుంది.

కనకాంబరం మీ చోటికి సరిపడే పంట కాదన్నా. దసరాలోపు కోసుకునేలా వేసి, వందో రెండొందలో కొమ్మలు ఇంట్లో ట్రేలలో కాపాడుకుని మళ్ళీ నాటుకునే ఓపిక ఉంటే సరే. డిసెంబర్, జనవరి కోతకు చామంతి వేయండి, దానికి చలంటే ఇష్టం. చింతపల్లిలో మీకు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, నాటే ముందు ఒకసారి వెళ్ళి మాట్లాడండి.

ప్రశ్న: సింహాచలం సంపెంగ మొక్కను పాడేరులో మా ఇంటి ముందు పెంచాలని ఉంది. నిరుడు నాటినది జనవరిలో మాడిపోయింది. ఇక్కడ రాదంటారా? – పాడేరు పాఠకుడు

వస్తుంది. సంపెంగ తూర్పు హిమాలయాల దిగువ కొండల్లో అడవిలో సహజంగా పెరిగే చెట్టు, పెద్దయ్యాక మీ చలి దానికి లెక్కలోది కాదు. చిన్నప్పుడే ప్రమాదం. పేరిన మంచు ఉండే రాత్రి అన్నిటికంటే చల్లటి గాలి నేలకు ఆనుకుని పరుచుకుంటుంది, కాస్త ఎత్తుకు వెళ్తే వెచ్చగా ఉంటుంది. మీ మొక్క తల మన తల దాటేదాకా, అంటే రెండు మూడు చలికాలాలు, మీరు కాపలా కాయాలి. మూడు కర్రలు, ఒక గోనెపట్టా, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రం కప్పి పొద్దున తీయడం. అంతే.

విత్తనం నుంచి పెంచితే పూలకు చాలా ఏళ్ళు ఆగాలి, అంటుమొక్క అయితే రెండు మూడేళ్ళలో పూస్తుంది. విత్తనమే కావాలంటే ఎర్రటి గుజ్జు కడిగి ఆ వారంలోనే నాటండి, దాచిపెడితే మొలవదు. ఈసారి చలికి కాదు, జూన్ వానలకు నాటండి. నీళ్ళు నిలవని మెరక చోటు చూడండి. సింహాచలం కొండ మీద ఆ చెట్లు ఎలాంటి వాలులో నిలబడ్డాయో దర్శనానికి వెళ్ళినప్పుడు ఒకసారి గమనించండి.

ప్రశ్న: మధురవాడలో ఏడో అంతస్తు. నా ఎడారి గులాబి ఆకులన్నీ డిసెంబర్‌లో రాలిపోయాయి. ఇది కూడా మంచు వల్లేనా?

కాదు. విశాఖలో మంచు పేరదు. ఎడారి గులాబి, అంటే ఎడీనియం, వాతావరణం చల్లబడితే ఆకు రాల్చి విశ్రాంతి తీసుకుంటుంది, అది దాని పద్ధతి. మీరు చూడాల్సింది లావుపాటి మొదలు. బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉంటే ఏ భయం లేదు, పదిహేను రోజులకు ఒక గ్లాసు నీళ్ళు పోసి ఎండలో వదిలేయండి, ఫిబ్రవరి చివర చిగురు కనిపించాక నీళ్ళు పెంచండి. మెత్తగా లోపలికి దిగితే మాత్రం రేపటిదాకా ఆగకండి. ఇవాళే కుండీలోంచి తీసి, మట్టి దులిపి, మెత్తబడిన భాగమంతా గట్టి కండ వచ్చేదాకా చాకుతో చెక్కేసి, వారం పది రోజులు నీడలో ఆరబెట్టి, ఇసుక ఎక్కువ కలిపిన పొడి మట్టిలో నాటండి.